ఐరాల దగ్గర గంట మోగని ఆదివారం

తిరుపతిలోని మా చర్చి సంఘంలో పాటల బృందాన్ని చాలా ఏళ్లుగా నేనే నడుపుతున్నాను. ఇక పిల్లలకు అప్పగించమ్మా అని సంఘ పెద్దలు మెల్లగా అడగడం మొదలుపెట్టారు. వాళ్లకింకా శ్రుతి కుదరలేదని ఒకసారి, పరీక్షలున్నాయని ఇంకోసారి నేను దాటవేస్తూ వచ్చాను. ఐరాల దగ్గరి ఒక పల్లెలో పాస్టరు దేవదానం అయ్యగారు బతికుండగానే తన సంఘాన్ని ఒక అమ్మాయి చేతిలో పెడుతున్నారని మా పిన్ని చెప్పింది. ఆయన ఎలా ఇస్తున్నారో చూసొద్దామని బయల్దేరాను. నిజం చెప్పాలంటే, అది కుదరక వాళ్లు ఇబ్బంది పడుతుంటే చూసి ధైర్యం తెచ్చుకుందామనే వెళ్లాను.

ఆదివారం పొద్దున ఆరింటికి తిరుపతి బస్టాండులో చిత్తూరు ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు అడగరు కాబట్టి కార్డు మర్చిపోవద్దు. చంద్రగిరి, పాకాల దాటి పూతలపట్టులో దిగేసరికి ఎనిమిది కావస్తోంది. దోసె తిని, ఐరాల వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. పల్లె దాకా తీసుకెళ్లడానికి డ్రైవర్ బాషా యాభై రూపాయలు తీసుకున్నాడు. దారి పొడుగునా మామిడి తోటలే. ఎక్కడికని అడిగి, చెప్పగానే నవ్వాడు. "ఇన్నాళ్లూ పెద్దాయనే కదా మేడం. ఇప్పుడు ఆ పాప సెప్తా ఉండాదంట. జనం ఇంటారో లేదో సూడాల" అన్నాడు. ఆ పాప నెగ్గుతుందో లేదోనన్న ఊరి పందెంలో నేనూ ఒక చెయ్యి వేసినట్టే అనిపించి కొంచెం సిగ్గేసింది.

రేకుల కప్పున్న చిన్న మందిరం అది. అయ్యగారి భార్య మరియమ్మ గారు వాకిట్లో కాఫీ ఇస్తూ సంగతంతా చెప్పారు. అయ్యగారికి మోకాళ్లు పనిచేయడం లేదు. ఆయన సంఘాన్ని అప్పగిస్తున్న అమ్మాయి కెజియా వారమంతా చిత్తూరుకు వెళ్లి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. నాలుగేళ్లుగా ఆయన ఆమెను రోగుల ఇళ్లకూ, చావు ఇళ్లకూ వెంటబెట్టుకు తిరిగారు. మొదట బైబిలు చదివించారు, తర్వాత వాక్యం చెప్పించారు. ఈరోజు మొదటిసారి ఆరాధన మొత్తం, చివరి ఆశీర్వాదంతో సహా, ఆమే నడపాలి. ఆడపిల్ల ఆశీర్వదిస్తే తల వంచేది లేదని పెద్దావిడ రాహేలవ్వ తెగేసి చెప్పిందట. ఈరోజు గాడి తప్పితే పట్నం నుంచి వేరే పాస్టరును పిలుస్తామని మిగతా పెద్దలూ అన్నారట.

లోపల అయ్యగారు తలుపు పక్కన, చెప్పుల దగ్గర, చివరి చాప మీద కూర్చున్నారు. ముందుకు రమ్మన్నా రాలేదు. "నేను ముందర కూసుంటే అందరూ నా మొగమే సూస్తారమ్మా. ఈడుంటే తల తిప్పితేనే కనబడతా" అన్నారు.

పాటలయ్యాయి, వాక్యమూ అయింది. కెజియా గొంతు మొదట వణికినా నిలదొక్కుకుంది. తర్వాత అందరూ ఒక్కసారిగా, ఎవరి మనసులోది వాళ్లు గట్టిగా ప్రార్థించే సమయం వచ్చింది. ఆ సంఘంలో పాస్టరు చిన్న ఇత్తడి గంట కొడితేనే ఆ ప్రార్థన ఆగుతుంది. గంట మోగేదాకా ఎవరూ కళ్లు తెరవరు, నోరు ఆపరు. నేను మాత్రం, చూడ్డానికే వచ్చినదాన్ని కాబట్టి, కళ్లు తెరిచే ఉన్నాను. కెజియా బల్ల మీద చెయ్యి పెట్టి తడిమింది. గంట లేదు. బల్ల గుడ్డ కింద వెతికింది. అక్కడా లేదు.

గంట అయ్యగారి జేబులో ఉంది. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ ఇంటి నుంచి వస్తూ జేబులో వేసుకుని, బల్ల మీద పెట్టడం మర్చిపోయారు. ఆయన చొక్కా తడుముకుని గంట తీశారు, గోడ పట్టుకుని సగం లేచారు. అంతలో ఆగిపోయారు. గంట నాలుకను పిడికిట్లో గట్టిగా బిగించి, మళ్లీ కూర్చుని కళ్లు మూసుకున్నారు. కొట్టెయ్యండి అయ్యగారూ, పాపం ఆ పిల్ల అని అరవాలనిపించింది.

ప్రార్థన సాగుతూనే ఉంది. కెజియా బల్ల వదిలి కిందికి దిగింది. ముందు వరుసలో అందరికంటే గట్టిగా ప్రార్థిస్తున్న రాహేలవ్వ పక్కన మోకరించి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కాసేపటికి అవ్వ గొంతు తగ్గి, ఆగింది. తర్వాత పక్కామె, ఆ తర్వాత వెనక వరుస. ఆమె చెయ్యి పడిన చోటల్లా మెల్లగా నిశ్శబ్దం పరుచుకుంది. చివరికి మందిరంలో ఒక్క గొంతే మిగిలింది. అది అయ్యగారిది. కెజియా చెప్పుల మధ్యలోంచి వెళ్లి ఆయన భుజం కూడా తాకింది. ఆయన ఆమేన్ అన్నారు. అక్కడే నిలబడి ఆమె ఆశీర్వాదం పలికింది. నేను రాహేలవ్వనే చూశాను. ఆమె తల వంచింది.

బయటికొచ్చాక అవ్వ కెజియా చెయ్యి పట్టుకుని, "రేప్పొద్దన డ్యూటీకి పోయేముందు మా ఇంటికి రా పాపా. నడుం పట్టేసుండాది, ప్రార్థన సెయ్యి" అంది.

మధ్యాహ్నం మరియమ్మ గారు రాగి సంగటి, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి పెట్టారు. అయ్యగారు జేబులోంచి గంట తీసి పళ్లెం పక్కన పెట్టారు. "కొడదామనే లేసినానమ్మా. కొట్టింటే నేను సచ్చేదాకా అది నా సంఘమే అయ్యింటాది" అన్నారు. ఆయన అరచేతిలో గంట నాలుక అచ్చు ఇంకా ఎర్రగానే ఉంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలా ఆలోచించాను. పిల్లలకు నేర్పడం నాకు చేతనవుతుంది. తప్పు దొర్లుతున్నప్పుడు నోరు మూసుకోవడమే చేతకాదు. ఆ తర్వాతి ఆదివారం మా పాటల బృందాన్ని ఆ పిల్లల్లోనే ఒకరైన క్రిస్టినాకు అప్పగించి వెనక బెంచీలో కూర్చున్నాను. రెండో చరణంలో శ్రుతి జారింది. నా చేతులు ఒళ్లో బిగించుకున్నాను. మూడో చరణానికి వాళ్లే సర్దుకున్నారు. నాకు సంతోషంగానూ ఉంది, ఏడుపూ వచ్చింది.

మీరూ వెళ్తానంటే తొమ్మిదిలోపే చేరుకోండి, చాప మీద ఎక్కడైనా చోటిస్తారు. తలుపు పక్కన, చెప్పుల దగ్గరి చివరి చాప ఖాళీగా కనిపించినా దాని మీద మాత్రం కూర్చోకండి. అది అయ్యగారు ఎంతో కష్టపడి సంపాదించుకున్న చోటు.