మాఖోజా వదులుగా అల్లిన బుట్ట

మా తోడికోడలు మాఖోజా అల్లిన బుట్టలో జొన్న బీరు పోస్తే ఒక్క చుక్క బయటికి రాదు. మా ఊరు హ్లబీసా చుట్టుపక్కల పెళ్ళయినా చావయినా పెద్దలకిచ్చే బీరు ఆమె బుట్టలోనే ఉండాలి. నా బుట్టల సంగతి అడక్కండి. వాటిలో పోసిన బీరు సగం చీమలకే దక్కుతుంది. నాకు అల్లిక నేర్పలేక ఆమె విసిగిపోయింది గానీ నేను సిగ్గుపడింది లేదు.

ఆమె కొడుకు భేకాని జొహానెస్‌బర్గ్ దగ్గర మూతపడ్డ గనిలోకి బంగారం కోసం దొంగచాటుగా దిగాడు. సొరంగం కూలిందని వెంట వెళ్ళినవాళ్ళు కబురు తెచ్చారు. శవం దొరకలేదు. దొరకలేదు కాబట్టి బతికే ఉన్నాడని మాఖోజా పట్టుబట్టింది. ఏళ్ళు గడిచినా అదే మాట.

ఈ చలికాలం మా పెద్దబావగారు జిబూసే గారి పిల్లలు వరసగా మంచాన పడ్డారు. ఆయన మమ్మల్ని పిలిపించారు.

"భేకాని ఆత్మ దారి తెలీక తిరుగుతోంది, అందుకే పిల్లలకీ జబ్బు. ఇంటికి పిలిచేద్దాం. మేకను కోస్తాం. బీరు బుట్ట నువ్వే అల్లాలమ్మా, తల్లివి."

"పిలిస్తే పోయాడని ఒప్పుకున్నట్టే కదా బావగారూ," అంది మాఖోజా.

"పోయినవాణ్ణి పోలేదంటే ఎట్టా? నా పిల్లల్ని కూడా పంపమంటావా?"

"వాడు రానంటే?"

"రానంటే బుట్టలో బీరు నిలవదు, కారిపోతుంది. మనింట్లో అదేగా లెక్క. బుట్ట కారితే నేనిక నోరెత్తను."

మర్నాడు మాఖోజా తాటాకు లాంటి ఇలాలా ఆకు చీలికలు ముందేసుకుని గడ్డి చుట్టల మీద అల్లడం మొదలుపెట్టింది. పక్కన కూర్చుని చూద్దును కదా, కుట్టుకీ కుట్టుకీ మధ్య సందులు.

"అదేంటక్కా, నేనల్లినట్టుంది," అన్నాను నవ్వుతూ.

"నువ్వల్లినట్టే కావాలి. నోరు మూసుకుని ఉండవే."

అప్పుడు అర్థమైంది. బుట్ట కారితే తలవంపులనుకుంటూ బతికిన మనిషి కారే బుట్ట కోసం తంటాలు పడుతోంది. వేళ్ళు వాటంతటవే బిగించేస్తుంటే తిట్టుకుంటూ మళ్ళీ వదులు చేసేది. ఆపాలని నాకు అనిపించలేదు. కారితే బాగుండునని నేనూ కోరుకున్నాను.

మేకను కోసిన రోజు, గుడిసెలో వెనక గోడ దగ్గర పూర్వీకుల చోట బుట్ట పెట్టి బీరు పోశారు. అడుగున తడి కనిపించింది. ఒక చుక్క నేలమీద పడింది. మాఖోజా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బావగారు తల దించుకుని పూర్వీకుల పేర్లు తలుస్తున్నారు. అవి ఒకంతట తెమిలే పేర్లు కావు. ఈలోగా ఆరిన ఆకు బీరు పీల్చుకుని మెల్లగా ఉబ్బింది. సందులన్నీ పూడుకుపోయాయి.

ఆమె వంగి బుట్ట అడుగున చెయ్యి పెట్టి చూసుకుంది.

"కారడం లేదు," అన్నారు బావగారు. "నీ చేతిపనికి తిరుగు లేదమ్మా. వచ్చేశాడు."

"ఇంకాసేపు చూడండి," అంది.

చూశాం. అందరం చూశాం. నేలమీది చుక్క కూడా ఇంకిపోయింది. బావగారు ఆమె చేతికి బీరు ఇచ్చారు. తాగనంది. తర్వాత తాగింది. తాగి, ఇన్నేళ్ళలో మొదటిసారి, కొడుకును పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చింది.