పొగగది పిలుపుగంటలు

షెఫీల్డ్ శివారులో, కొండవాలున నిలిచిన ‘కొలిమితిత్తి’ అనే పానశాలలో మావిస్ హెప్‌వర్త్ నలభయ్యొక్క సంవత్సరాలుగా పనిచేస్తున్నది. పందొమ్మిదేళ్ల ప్రాయంలో చేరిననాడు ఆమె పని ఒక్కటే: వెనుక, పొగతాగుతూ కూర్చునే పొగగదిలోనివారు పిలిస్తే వెళ్లి ఏమి కావాలో అడగడం. ఆ గదిలో కూర్చున్నవారు బీరు కోసం లేచి రారు. చెక్కగోడకు బిగించిన నాలుగు ఇత్తడి మీటలలో తమ దగ్గరిదాన్ని నొక్కుతారు. ముందుగదిలో గంట మోగి, పలకమీద ఆ మీట అంకె పడుతుంది. కత్తులకు సానపట్టే సిరిల్ దాహం లేకున్నా మూడో మీట నొక్కి నొక్కి, చివరకు ఆమెను పెళ్లాడాడు. అతడు పోయి ఆరేళ్లయింది. మూడో మీటను ఆమె మిగిలినవాటికన్నా కాస్త ఎక్కువసేపు తుడుస్తుంది.

ఆ ఏడు, కట్టడం సొంతదారైన బీరు కంపెనీ పానశాలను పడగొట్టి కార్లు నిలిపే స్థలం చేయ సంకల్పించింది. పేటవాసులు సంతకాలు చేసి, దీన్ని పురాతన కట్టడంగా కాపాడమని సర్కారుకు విన్నవించుకున్నారు. జవాబు రాలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం బూడిదరంగు కోటు మనిషి ఒకడు వచ్చి, అరపైంటు బీరు కొని పొగగదిలో కూర్చున్నాడు. మీటలను నొక్కలేదు, వేలితో తడిమి చూశాడు. కిటికీ అద్దాలమీది చెక్కడాన్ని పరికించి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. లేచి వెళ్లేసరికి గ్లాసులో బీరు చుక్కైనా తగ్గలేదు.

మావిస్‌కు మనసులో ముల్లు గుచ్చుకున్నట్లయింది. కొన్న బీరును వదిలిపోయేవాడు బీరు కోసం వచ్చినవాడు కాడు. కిందివీధి పానశాల మూతపడేముందు ఇలాంటివాడే వచ్చి కొలతలు తీసుకుపోయాడు. వారం తిరక్కుండా అక్కడి రంగుటద్దాలు మాయమయ్యాయి. పానశాలను నడిపే క్లైవ్‌తో చెబితే నవ్వి ఊరుకున్నాడు. మరునాడు ఉదయం, తలుపులు తెరవకముందే, ఆమె నాలుగు మీటలనూ మరలు విప్పి అల్లికసంచిలో ఇంటికి పట్టుకుపోయింది. వారం మధ్యలో ఆ గదికి ఎవరూ రారు గనుక క్లైవ్ గమనించలేదు.

శుక్రవారం ఆ మనిషే మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో సర్కారు ముద్ర వేసిన ఉత్తరం. పేరు ఆల్డ్రెడ్, పాత కట్టడాల పరిశీలకుడు. మొదటిసారి చెప్పకుండా వచ్చి చూడడం తన పద్ధతి అన్నాడు. గోడకున్న నాలుగు బెజ్జాలనూ, వేలాడే తీగలనూ చూసేసరికి అతని ముఖం వాడిపోయింది. ఇంకా మోగే పిలుపుగంటలే ఈ విన్నపానికి బలమనీ, లేనిదాన్ని ఉన్నదని రాయలేననీ చెప్పాడు. క్లైవ్ నెత్తిన చేయి పెట్టుకున్నాడు.

“మావిస్, నీకేమైనా తెలుసా?”

ఆమె ఉత్తరాన్ని వెలుతురుకు ఎత్తి, ముద్రను గోటితో గీకి చూసింది.

“ఇలాంటి కాగితాలు ఎవడైనా అచ్చేయించుకోవచ్చు. నువ్వు చెప్పు నాయనా, మంగళవారం కొన్న బీరు తాగకుండా ఎందుకు వదిలేశావ్?”

“డ్యూటీలో తాగకూడదమ్మా. ఏమీ కొనకుండా కూర్చుంటే మీరు గెంటేస్తారని కొన్నా.”

“గెంటేసేదాన్నే.”

ఆ జవాబులో ఆమెకు లోపం కనబడలేదు. అయినా వెంటనే కదలలేదు. అతడు మోసగాడైతే సిరిల్ నొక్కిన మీట పోతుంది. తాను బిగబట్టుకు కూర్చుంటే మీట మిగిలి, గోడే పోతుంది. చివరకు ఇంటికి వెళ్లి సంచి తెచ్చింది. అతని చేతికి మాత్రం ఇవ్వలేదు.

ఏది ఎక్కడిదో తారుమారైంది. అయితే పొగచూరిన చెక్కమీద ఒక్కొక్క మీట ఉన్నచోట దాని ఆకారంలోనే లేతమచ్చ నిలిచి ఉంది. చేత్తో కోసిన ఇత్తడి గనుక ఏ రెండింటి అంచులూ ఒకటి కావు. మచ్చను బట్టి ఆమె ఒక్కొక్కదాన్నే బిగిస్తుంటే ఆల్డ్రెడ్ వంగి చూశాడు. ఇవి మొదటినుంచీ ఈ గోడవేననడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదని రాసుకున్నాడు.

తీగలు కలిపి, మూడోదాన్ని నొక్కమని ఆల్డ్రెడ్‌కు చెప్పి ఆమె ముందుగదిలోకి వెళ్లింది. గంట మోగింది. ఆమె పాదాలు వాటంతటవే పొగగదివైపు రెండడుగులు వేశాయి.

అతడు సెలవు తీసుకున్నాక మీటలను లెక్కపెట్టుకున్నది. నాలుగూ ఉన్నాయి.

పానశాలను పడగొట్టరాదన్న ఉత్తర్వు నాలుగు నెలలకు వచ్చింది. క్లైవ్ దాన్ని అందరికీ చదివి వినిపించి ఆమె చేతికిచ్చాడు. ఆమె వెలుతురుకు ఎత్తి, ముద్రను గోటితో గీకి చూసింది.