మందుల పెట్టెలో మా పెద్దమ్మాయి

మా పెద్దమ్మాయి కార్తీకమాసంలో ఉదయగిరిలో పుట్టవలసింది. శ్రావణం పోకముందే ఆత్మకూరులో పుట్టింది. పిన్ని కూతురి పెళ్లికని నేనూ మా ఆయనా బస్సెక్కి వెళ్లాం. మొదటి బంతి భోజనాలు లేవకముందే నాకు నొప్పులు మొదలయ్యాయి. ఒంటెద్దు బండిలో ఆసుపత్రికి చేర్చారు. కాన్పు సులువుగానే అయింది. బిడ్డ అంత చిన్నది మరి.

ఒళ్లంతా ఎర్రగా, చర్మం ముడతలు పడి, నూరేళ్లు బతికిన ముసలమ్మలా ఉంది. ఏడిస్తే పిల్లికూన మూలిగినట్టుండేది. మా ఆయన దర్జీ. ఉదయగిరి బజారులో పోయే మనిషిని మిషను దగ్గర కూర్చునే చూసి చొక్కా కొలత చెప్పేస్తాడని పేరు. అంతటి పనివాడు కూతుర్ని కళ్లారా చూసి వెళ్లి, ఆత్మకూరులో ఎవరి మిషనో బతిమాలుకుని ఒక టోపీ కుట్టి తెచ్చాడు. పెడితే అది గడ్డం దాకా దిగింది. విప్పి మళ్లీ కుట్టాడు. ఈసారి ముక్కు దగ్గర ఆగింది. చివరికి నర్సమ్మ ఆయన చేతిలో ఒక బత్తాయి పండు పెట్టి, "దీనికి కుట్టుకోని రా నాయనా" అన్నది. అది సరిపోయింది.

ఆ నర్సమ్మ నెల్లూరి మనిషి. లావుగా ఉండేది, అడుగుల చప్పుడు మాత్రం వినపడేది కాదు. మందుల సీసాలు వచ్చిన చెక్కపెట్టె ఒకటి కడిగి, ఎండబెట్టి, దూది పరిచి మా బిడ్డను అందులో పడుకోబెట్టింది. వేడినీళ్ల సీసాలకు గుడ్డలు చుట్టి చుట్టూ సర్దింది. తరవాత నన్ను మంచం మీద కూర్చోబెట్టి, మా ఆయన్ను పక్కన నిలబెట్టి, బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

"బాగా ఇనండి. ఈ బిడ్డ ఇంకా కడుపులోనే ఉండాననుకుంటా ఉండాది. మనం గూడా అట్టనే అనుకోవాల. వెచ్చగా ఉండాల, సద్దు చెయ్యకూడదు. సబ్బుతో చేతులు కడుక్కోకుండా తాకొద్దు. నీళ్లు పొయ్యొద్దు, సాంబ్రాణి పొగ ఎయ్యొద్దు. ఆముదం చుక్క దాని నోట్లో పడిందంటే మీ ఇద్దరికీ చెరొక గిన్నె తాపుతా. పాలు పిండి, ఇంకు ఫిల్లరుతో చుక్క చుక్క పోద్దాం. మజ్జమజ్జన తల్లి రవికలో పెట్టుకోవాల, ఒంటి వేడి తగిలేట్టు. తల్లీ తండ్రీ తప్ప ఈ గదిలోకి ఇంకెవురూ రాకూడదు. తెలిసిందా?"

మా ఆయన అన్నిటికీ తల ఊపి, "తెలిసింది. మరి మా అమ్మకు ఎవురు చెప్తారు?" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఉదయగిరి బస్సులో మా అత్త దిగనే దిగింది. చంకలో మూట. అందులో వసకొమ్ము, సాంబ్రాణి, సీసా నిండా ఆముదం. మా వీధిలో ఏ బిడ్డకు కడుపు ఉబ్బినా, ఏ పెద్దమనిషికి తల తిరిగినా మా అత్త ఆముదంతోనే పరుగెత్తుకెళ్లేది. ఆమె వస్తున్నదని తెలిస్తే చాలు, సగంమందికి జబ్బు నయమయ్యేది.

నర్సమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "తల్లీ తండ్రీ తప్ప ఎవురూ రాకూడదు."

"నేనెవురనుకున్నావు? తల్లినే గదా!"

"ఎవురికి తల్లివి?"

మా అత్త వేలు పెట్టి మా ఆయన్ను చూపించింది. "వాడికి!"

"ఆయన పెట్టెలో లేడు గదా అవ్వా" అన్నది నర్సమ్మ.

మంచం మీద నాకు నవ్వు ఆగలేదు. నవ్వితే పొట్ట నొప్పి. రెండూ కలిసి కళ్ల నీళ్లు వస్తే, అది చూసి మా అత్త, "చూడు, నా కోడలు నా కోసరం ఏడస్తా ఉండాది" అన్నది. అయినా లోపలికి పోనివ్వలేదు.

ఆ రాత్రి పెళ్లివారింట పడుకుని మా అత్త ఏం ఆలోచించిందో గానీ, తెల్లవారగానే రోగుల వరసలో నిలబడింది. కడుపునొప్పి అంది. డాక్టరు ఎక్కడ నొక్కినా "అబ్బా" అంది. కడుపు వదిలి భుజం మీద చెయ్యి వేసినా "అబ్బా" అంది. ఆడవాళ్ల వార్డులో మంచం ఇవ్వమన్నాడు డాక్టరు. ఆ వార్డు మా గదికి పక్కనే. మా అత్త మొహం వెలిగిపోయిందట. కాసేపటికి నర్సమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. వాసన పట్టడానికి మా అత్తకు క్షణం పట్టలేదు.

"ఆముదమా? నాకా?"

"నీకే. డాక్టరు రాసినాడు. మంచం కావాలంటే తాగాల."

మంచం కావాలి కాబట్టి తాగింది. ఆ రోజంతా మా అత్త చెంబు పట్టుకుని పెరట్లోకీ, పెరట్లోంచీ నడుస్తూనే ఉంది. ప్రతిసారీ మా గది ముందు నుంచే పోవాలి. తొంగి చూద్దామని తల తిప్పేది, ఆగడానికి మాత్రం వ్యవధి ఉండేది కాదు. సాయంత్రం నర్సమ్మ పోయి, "కడుపునొప్పి ఎట్టుండాది అవ్వా?" అని అడిగితే, మూలుగుతూ, "ఏ నొప్పి?" అన్నది.

మర్నాటికి నాకు చలిజ్వరం వచ్చింది. మా ఆయనకు పడిశం పట్టి తుమ్ములు మొదలయ్యాయి. నర్సమ్మ ఆయన్ను బయటికి పంపేసి, నన్ను చూసి, పెట్టెను చూసి, పక్క వార్డులోకి వెళ్లింది. మా అత్త చేత స్నానం చేయించి, నోట్లో ఆకువక్క ఉమ్మించి, మోచేతుల దాకా సబ్బు రుద్దించి, ఉతికిన చీర కట్టించి తీసుకొచ్చింది. రొమ్ము మీద బిడ్డను ఆనించి, పైన దుప్పటి కప్పి, "కదలొద్దు, గట్టిగా మాట్లాడొద్దు" అన్నది.

మా అత్త కదలకుండా కూర్చోవడం నేను కాపురానికి వచ్చాక అదే మొదటిసారి చూడటం. నోరు మాత్రం ఊరుకోలేదు. దుప్పటిలోకి తల వంచి గుసగుసలాడటం మొదలుపెట్టింది. ఎవరి గేదె ఎవరి చేలో పడిందో, ఏ తోడికోడళ్లు మాట్లాడుకోవడం లేదో, వాళ్లలో తప్పెవరిదో, అంతా ఆ బిడ్డకు చెప్పింది. కడుపులోనే ఉన్నాననుకుంటున్న బిడ్డకు ఊరి తగాదాలన్నీ చేరిపోయాయి.

అట్లా చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి ఆగింది. "అమ్మే, నర్సమ్మను పిల్చు. ఇది ఊపిరి తీసుకోలేదే" అన్నది.

నా కేకకు నర్సమ్మ వచ్చి దుప్పటి తీసింది. బిడ్డ పెదవులు నీలంగా ఉన్నాయి. ఆమె వేలితో అరికాలు మీద చిటుక్కున కొట్టింది. మళ్లీ కొట్టింది. బిడ్డ ఒళ్లు విరుచుకుని, పిల్లికూనలా ఏడ్చింది.

"నెల తక్కువ బిడ్డలు ఊపిరి తీసుకునేది మర్చిపోతారు. గుర్తు చెయ్యాల" అని చెప్పి నర్సమ్మ బిడ్డను మళ్లీ అక్కడే ఆనించింది.

మా అత్త బిడ్డ అరికాలు తన గుప్పిట్లోకి తీసుకుంది. నా వైపు చూడకుండానే అన్నది. "వాడికి ముందు నాకూ ఇట్టాంటిదే ఒకటి పుట్టినాదే. బతకదు, చూస్తే మమకారం పెరుగుద్ది అని గుడ్డలో చుట్టి మూల పెట్టినారు పెద్దోళ్లు. మొహం గూడా చూడనీలేదు నన్ను. ఇప్పుడు దీన్ని చూడకుండా నేనెట్టా ఉంటాను?"

చెయ్యి చాపి ఆమె మోకాలు పట్టుకున్నాను. తలుపు బయట నిలబడి మా ఆయన విన్నాడు. తనకు ముందు ఒక అక్క ఉండేదని ఆయనకు ఆ రోజే తెలిసింది. అప్పుడే గట్టిగా తుమ్ము వచ్చింది.

"దూరంగా పోరా!" అన్నది మా అత్త, గుసగుసగానే.

ఆ రోజు నుంచి గది కాపలా ఆమెదే. డాక్టరు గుమ్మంలోకి వచ్చినా ముందు చేతుల వంక చూసేది. ఆయన నవ్వుకుంటూ కడుక్కుని వచ్చేవాడు. బిడ్డ ఫిల్లరు మాని, గిన్నె చంచాకు వచ్చి, ఆఖరికి నా రొమ్ము పట్టుకుంది. బుగ్గలు వచ్చాయి. ఆసుపత్రి విడిచేనాటికి దసరా దగ్గరకొచ్చింది.

ఉదయగిరి బస్సులో మా అత్త ముందు సీటు పట్టింది. గాలి తగలకుండా తెరలు దించమంది. బీడీలు ఆర్పమంది. సంతలో కోళ్లు కొనుక్కొచ్చిన ఒకాయన్ను చివరి సీటుకు పంపింది. డ్రైవరును కూడా మెల్లగా పోనీయమంది. బస్సంతా నోరు మూసుకుని కూర్చుంది. ఉదయగిరి కొండ కనిపించే వేళకు, అంతమంది మౌనంలో మా అమ్మాయి లేచి, గొంతు చించుకుని ఏడవడం మొదలుపెట్టింది. పిల్లికూన ఏడుపు కాదు, ఆ చివర కోళ్లు కూడా బెదిరి రెక్కలు కొట్టుకున్నాయి.

మా ఆయన కంగారుగా జోకొట్టబోయాడు. మా అత్త ఆయన చెయ్యి తోసేసింది.

"ఏడవనీరా" అన్నది. "ఊళ్లో అందురూ ఇనాల."