కెప్టెన్ షౌఖీని మేడ దించిన ఇన్షిరాహ్

పోర్ట్ సయీద్‌లోని అరబ్ పేటలో ఇన్షిరాహ్ గొంతు ఎరగనివాళ్ళు లేరు. కాలువలో ఓడ కూత పెడుతున్నా సరే, ఆవిడ ఇక్కడ పిలిస్తే అవతలి వీధిలో పలికేవారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆవిడ ఊళ్ళోని ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్ళ బట్టలు ఉతికింది. ఎవరు గోల్ వేశాక చొక్కా కాలరు నములుతారో, ఓడిన రోజున ఎవరు చొక్కా చేతికి ముక్కు తుడుచుకుంటారో, అన్నీ ఆవిడకి తెలుసు.

ఒక్క విషయం మాత్రం ఆవిడకి ఎన్నడూ మింగుడుపడలేదు. పదిహేడేళ్ళ కుర్రాడు వస్తాడు. ఊరంతా వాణ్ణి భుజాల మీద ఊరేగిస్తుంది. ముప్పై నాలుగో ఏడు వచ్చేసరికి మోకాలు పట్టేస్తుంది, పూలదండ వేసి పంపించేస్తారు. వారం తిరక్కుండా అదే నంబరు చొక్కా ఇంకొకడి ఒంటి మీద ఉంటుంది. తాడు మీద ఆరేస్తూ "మరి మొన్నటిదాకా దీన్ని తొడుక్కున్నవాడేమయ్యాడు?" అని ఆవిడ అడిగితే ఎవరూ జవాబు చెప్పేవారు కాదు. దాంతో ఆవిడే వెతుక్కుంటూ వెళ్ళేది. వాళ్ళ ఇళ్ళల్లో కూర్చుని టీ తాగి, పెళ్ళాల మీద వాళ్ళు చెప్పే చాడీలూ, వాళ్ళ మీద పెళ్ళాలు చెప్పే చాడీలూ సమానంగా విని వచ్చేది.

ఆ పాత ఆటగాళ్ళకి ఒక సంఘం ఉంది. కాఫీ హోటల్ పైన ఒక గది, పంతొమ్మిది మంది సభ్యులు, మూడేళ్ళుగా అధ్యక్షుడు లేడు. అందరూ ఒకప్పటి హీరోలే కాబట్టి, ఎవరు ఎవరి కింద పనిచేస్తారన్నది తేలలేదు. ఊళ్ళో బంతి తన్నిన ప్రతివాణ్ణీ కెప్టెన్ అనే పిలుస్తారు. పంతొమ్మిది మంది కెప్టెన్లుంటే ఓడ ఎటు పోతుంది?

ఇన్షిరాహ్ క్లబ్బు పని మానేసిన ఏడాది, ఆ గది పరదాల మురికి చూడలేక, వాటిని ఉతకడానికి పట్టుకుపోదామని వెళ్ళింది. లోపల ఎన్నికలు జరుగుతున్నాయి. పద్దెనిమిది మంది హాజరు. చీటీలు మడిచి టీ కెటిల్లో వేశారు. వెనకటి జట్టు నాయకుడు బహ్‌గత్, మీసాలకి రంగు వేసుకుని వచ్చినవాడు, చీటీలు తీసి చదవడం మొదలుపెట్టాడు.

"బహ్‌గత్, ఒకటి." తనకు తనే తల ఊపుకున్నాడు. "అవద్, ఒకటి." అవద్ పాత గోల్‌కీపరు. తలుపంత మనిషి. "ఇంకొకటి… వీడికొకటి… వాడికొకటి…"

పదహారు చీటీల దాకా ఎవడి ఓటు వాడికే పడింది. కెటిల్ అడుగున ఆఖరికి రెండు చీటీలు మిగిలాయి. బహ్‌గత్ ఒకటి విప్పి కళ్ళు నులుముకున్నాడు. రెండోది విప్పి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇన్షిరాహ్. ఇన్షిరాహ్. రెండు."

కుర్చీ ఎక్కి పరదా విప్పుతున్న ఆవిడ అక్కణ్ణించే అడిగింది. "ఎవడ్రా ఆ వెధవ పని చేసింది?"

ఎవడూ ఒప్పుకోలేదు. అవద్ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు గదంతా అంటుకుంది.

"నవ్వితే నవ్వారు గానీ, రెండు ఒకటికన్నా ఎక్కువా కాదా?" అన్నాడు అవద్ కళ్ళు తుడుచుకుంటూ. "లేవండి, రయీసాకి దణ్ణం పెట్టండి."

రయీసా అంటే నాయకురాలు. వాడు వేళాకోళానికే అన్నాడు. ఇన్షిరాహ్ మాత్రం కుర్చీ దిగి, పరదా చంకన పెట్టుకుని, వెళ్ళి బల్ల మొదట్లో కూర్చుంది.

"సరే. పంతొమ్మిది మందికి పద్దెనిమిది మందే ఉన్నారు. షౌఖీ ఎక్కడ?"

అందరూ టీ గ్లాసుల్లోకి చూశారు.

షౌఖీ ఎడమ వైపు నుంచి గాలిలా దూసుకొచ్చేవాడు. ఇప్పుడు నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉంటున్నాడు. భార్య పోయింది, మోకాలు పోయింది, రెండేళ్ళుగా మెట్లు దిగలేదు. ఏం కావాలన్నా బాల్కనీ నుంచి తాడు కట్టిన బుట్ట దింపుతాడు, కింద కొట్టువాడు అందులో రొట్టో చేపో పెడతాడు. అంతే.

మర్నాడే ఇన్షిరాహ్ తహానీని వెంటబెట్టుకుని వెళ్ళింది. తహానీ ఆస్పత్రిలో కీళ్ళకి కసరత్తులు చేయించే మనిషి. సన్నగా, కళ్ళద్దాలతో, గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది గానీ, ఆవిడ చేతిలో కాలు పడితే పహిల్వాను కూడా వాళ్ళమ్మని తలుచుకోవాల్సిందే. సంఘానికి కార్యదర్శిగా ఉండమని ఇన్షిరాహ్ అడిగితే, "మీ కెప్టెన్లు చెప్పిన మాట వింటారా అక్కా?" అని ఒక్కటే అడిగి ఒప్పుకుంది.

నాలుగంతస్తులు ఎక్కి తలుపు తట్టారు.

"షౌఖీ ఇంట్లో లేడు," అంది లోపలి గొంతు.

"మరి మాట్లాడేదెవరు?"

"నేనూ లేను."

తహానీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్షిరాహ్ తలుపుకి చెవి ఆనించి, "నీ చొక్కాలు పదకొండేళ్ళు ఉతికానురా! ఒక్కసారి మొహం చూపించవా?" అంది.

లోపలి గొంతు తగ్గింది. "కిందికొస్తే ఎవడో ఒకడు 'వీడు ఆ షౌఖీయేనా' అంటాడు, ఇన్షిరాహ్. ఆ మాట వినేకంటే ఇక్కడ పావురాల కువకువలే నయం. వెళ్ళు, నీకు పుణ్యముంటుంది."

ఇన్షిరాహ్ మెట్ల మీద కూర్చుండిపోయింది.

వారం రోజులు బుట్టతోనే యుద్ధం నడిచింది. తహానీ కసరత్తుల బొమ్మలు గీసి బుట్టలో వేస్తే, వాటిలోనే చేప ముళ్ళు చుట్టి కిందికి పంపాడు. ఇన్షిరాహ్ ఉత్తరం రాస్తే బుట్ట ఖాళీగా వచ్చింది. ఆఖరికి ఆవిడ ఒక బంతి పెట్టింది. బుట్ట పైకి పోయింది. ఒక్కసారిగా పైనుంచి బంతి రివ్వున వచ్చి, వీధిలో నిలబడి "రయీసా, ఇదంతా దండగ" అంటున్న బహ్‌గత్ నెత్తిన సరిగ్గా నడిమధ్యన పడింది.

బహ్‌గత్ తల పట్టుకుని తిట్లు లంకించుకున్నాడు. ఇన్షిరాహ్ మాత్రం ఎగిరి గంతేసింది. "చూశావా తహానీ! నాలుగో అంతస్తు నుంచి! గురి చెక్కుచెదరలేదు!"

ఆవిడ బుర్రలో ఆలోచన మెరిసింది అప్పుడే.

వసంతంలో వచ్చే షమ్మెన్నసీమ్ పండుగ వచ్చింది. ఊరంతా ఉప్పు చేప ఫసీఖూ, పచ్చి ఉల్లిపాయలూ తిని వీధుల్లో పడే రోజు. సరిగ్గా షౌఖీ బాల్కనీ కింద, చేపల పెట్టెలతో రెండు వైపులా గోల్ స్తంభాలు కట్టించింది ఇన్షిరాహ్. ఒక పక్క ఏడుగురు పాత ఆటగాళ్ళు. ఇంకో పక్క చేపల బజారు ఆడవాళ్ళు ఏడుగురు, పావడాలు పైకి దోపుకుని సిద్ధం. నియమాలు తహానీ చదివింది. "ఎవరూ పరుగెత్తకూడదు. నడవాలి. పరుగెత్తినవాళ్ళ మోకాళ్ళ సంగతి నేను చూస్తాను. అరుపులకి అడ్డు లేదు."

ఇన్షిరాహ్ ఈల ఊదింది.

చేపల బజారు వాళ్ళకి నడక కొత్త కాదు, అరుపులు అసలే కొత్త కాదు. మొదటి గోల్ అవద్ కాళ్ళ మధ్యనుంచే దూరింది. "పాపం, తలుపు తెరిచే పెట్టాడు!" అంది ఒకావిడ. రెండో గోల్ పడేసరికి అవద్ ఇంకా మొదటిదాని కోసం వంగి వెతుకుతున్నాడు. బాల్కనీలన్నీ విరగబడి నవ్వుతున్నాయి. మూడు. నాలుగు. బహ్‌గత్ మీసాల రంగు చెమటకి కారి గడ్డం దాకా వచ్చింది.

నాలుగో అంతస్తు కిటికీ రెక్కలు ధడాల్న తెరుచుకున్నాయి. చారల పైజామాలో, మాసిన గడ్డంతో షౌఖీ. వాడు గోల మానమనడానికే వచ్చాడు. నోరు తెరిచాడు కూడా. కింద బహ్‌గత్ బంతిని ఎడమకి వదలాల్సిన చోట కుడికి వదిలాడు.

"ఎడమకిరా గాడిదా! ఎడమకి!" అని కేక.

బహ్‌గత్ పైకి చూసి పిడికిలి ఆడించాడు. "ఎడమన ఎవడున్నాడురా? రెండేళ్ళుగా ఎడమన ఎవడూ లేడు! నువ్వొచ్చి నిలబడు!"

షౌఖీ లోపలికి పోయాడు. మెట్ల మీద నుంచి ఒక చెప్పు చప్పుడు, ఆగడం, మళ్ళీ ఒక చప్పుడు. తహానీ ఎక్కి వెళ్ళబోతే ఇన్షిరాహ్ చెయ్యి పట్టుకుని ఆపింది. అరగంట పట్టింది. ఆ అరగంటా ఆట ఆపి, ఆడవాళ్ళు మగవాళ్ళకి ఉల్లిపాయలు తినిపించారు.

షౌఖీ గుమ్మంలోకి వచ్చేసరికి 'వీడు ఆ షౌఖీయేనా' అని ఎవరూ అనలేదు. చేపల బజారు పెద్దావిడ మాత్రం ఒక్క మాటంది. "ఇంతసేపా? మేము ఇంకో నాలుగు వేసేవాళ్ళం."

వాడు నవ్వాడో ఏడ్చాడో ఇన్షిరాహ్‌కి తెలియలేదు, తన కళ్ళకే సరిగా కనపడటం లేదు.

ఎడమ పక్క గోడకి ఒక చెయ్యి ఆనించి నిలబడ్డాడు. బహ్‌గత్ ఈసారి ఎడమకే వదిలాడు. షౌఖీ కాలు లేచింది. ఆ కాలు ఒకప్పుడు ఊరిని ఊపిన కాలే. బంతి గోల్‌కి మూడు బారలు పక్కనుంచి పోయి, ఫసీఖ్ అమ్మేవాడి పీపాలో దభీమని పడింది. నెల రోజులు ఊరిన ఉప్పునీళ్ళు ఫౌంటెన్‌లా లేచి, రయీసా మొదలుకుని తహానీ కళ్ళద్దాల దాకా అందరి మీదా కురిశాయి.

ఆ కంపుకి పిల్లులు పరుగెత్తుకొచ్చాయి. షౌఖీ గోడ పట్టుకుని జారి నేల మీద కూర్చుని, ఆయాసం వచ్చేదాకా నవ్వాడు. "గోల్ కాదా అది? రయీసా, చెప్పు, గోల్ కాదా?"

"గోలే!" అని ఇన్షిరాహ్ ఈల ఊదింది. చేపల బజారు ఆడవాళ్ళు ఆవిడ మీద పడ్డారు. ఆ తగువు ఈనాటికీ తెగలేదు.

ఆ వేసవిలోనే తహానీ వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళి మోకాలికి ఆపరేషన్ చేయించింది. కాలు గోడ కట్టినట్టు నిటారుగా కాలేదు గానీ, మెట్లు దిగడానికి అరగంట పట్టడం లేదు. శనివారాలు ఆ గదిలో పంతొమ్మిది మందీ కుర్చీలు పట్టుకుని కాళ్ళు ఎత్తుతారు. తహానీ లెక్కపెడుతుంది. పదిహేను తర్వాత ఇరవై అనేవాడు ఎప్పుడూ బహ్‌గతే. ఎవరి బి.పి. మాత్రలు అయిపోయాయో, ఎవరు కొడుకుతో మాటలు మానేశారో ఇన్షిరాహ్ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుతుంది. దాచినవాడికి టీ ఉండదు.

శరదృతువులో ఒక మధ్యాహ్నం ఆవిడ అందర్నీ పడవ ఎక్కించి కాలువ దాటించింది. రెయిలింగు పక్కన ఎవరు నిలబడాలన్న దాని మీద పంతొమ్మిది మంది కెప్టెన్లు కొట్టుకున్నారు. సముద్రపు పక్షులు వచ్చి అవద్ చేతిలో రొట్టె తన్నుకుపోయాయి. "పట్టుకోరా, ఒక్కటైనా పట్టుకో!" అని అందరూ అరిచారు. అవద్ దూకాడు, పట్టుకోలేదు. షౌఖీ గాలికి ఎగురుతున్న జుట్టుతో, ఓడల వైపు చూస్తూ, ఇన్షిరాహ్ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"రయీసా, తిరిగి వచ్చేటప్పుడు కూడా దీంట్లోనేనా?"

"దీంట్లోనే."

"అయితే రెండుసార్లు తిరుగుదాం," అన్నాడు వాడు.

ముగ్గురు కెప్టెన్లకి కళ్ళు తిరుగుతున్నా, పడవ నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది.