కరీం మాస్టారి కుడి చెయ్యి

తడిగుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనించగానే వచ్చే వాసన ఎక్కడ తగిలినా నా కాళ్లు అక్కడే ఆగిపోతాయి. మొన్న మా వీధి చివర ఇస్త్రీబండి దగ్గర అలాగే నిలబడిపోయాను. "ఏటమ్మా, బట్టలు ఇత్తారా?" అని ఆ బండి అతను రెండుసార్లు అడిగాడట. నాకు వినబడితే కదా! నేను అప్పటికే కరీం మాస్టారి దుకాణంలో, మెషీన్ల చప్పుడు మధ్య కూర్చుని ఉన్నాను.

అనకాపల్లి బజారులో ఒక సందులో ఉండేది ఆ టైలరు దుకాణం. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, పదో తరగతి తప్పి, ఇంట్లో తిట్లు పడలేక అక్కడ పనికి చేరాను. కాజాలు, హుక్కులు, హెమ్మింగ్, ఇవే నా పని. కత్తెర మాత్రం మాస్టారిది. ఏ టైలరూ కటింగ్ అంత తేలిగ్గా నేర్పడు. నేర్పితే రేపు ఎదురుగానే బోర్డు కడతారని భయం. మాస్టారు మంచివారే గానీ కోపం ముక్కు మీదే ఉండేది. కుట్టు ఒక్కటి వంకరపోతే "ఏటే రత్నం, ఇది కుట్టా, కోడి నడిచిన జాడా?" అని సందంతా వినేలా అరిచేవారు. కాసేపటికే టీ తెప్పించి నా ముందు పెట్టేవారు. ఆ టీ తాగుతూనే నేను మనసులో ఆయన్ని తిట్టుకునేదాన్ని.

ఆ ఏడు, ఉగాదికి ముందొచ్చే కొత్తమావాస్య జాతర దగ్గరపడింది. ఊరంతా కొత్త రవికలే. రోజూ చీకటి పడేదాకా ఉండాల్సి వచ్చేది. మా అన్న నూకరాజు ఆటో తోలేవాడు. సాయంత్రం నన్ను తీసుకెళ్లడానికి వచ్చి, దుకాణం ముందే ఆటో ఆపి, హారన్ మీంచి చెయ్యి తీసేవాడు కాదు. ఒకరోజు మాస్టారు బయటికొచ్చి, "బండి పక్కకి తియ్యరా, ఆడోళ్లు లోపలికి ఎలా వత్తారు?" అన్నారు. అన్నకి అప్పటికే ఒళ్లు మండిపోతోంది. "ఆడపిల్లని ఇంతసేపు కూకోబెట్టుకుని ముసలోడివి ఏటి సేత్తన్నావో ఊరందరికీ తెలుసు" అనేశాడు. అంతమంది ముందు ఎంత మాట! నాకు తల కొట్టేసినట్టయింది. మాస్టారు మరో మాట లేకుండా అన్న చెంప ఛెళ్లుమనిపించారు.

అక్కడితో ఆగినా బాగుండేది. గుమ్మం పక్కనున్న ఇనప గజంబద్ద అన్న చేతికి దొరికింది. మాస్టారు తల కాచుకోవడానికి కుడిచెయ్యి అడ్డం పెట్టారు. దెబ్బ మణికట్టు మీద పడింది. ఆయన కింద పడిపోయారు. పడిపోయిన మనిషిని మా అన్న మళ్లీ కొట్టాడు, అదే చేతి మీద. నేను అరుస్తూ వాడి చొక్కా పట్టుకుని లాగేదాకా ఆపలేదు.

తెల్లారేసరికి ఊరు రెండు కథలు తయారు చేసుకుంది. ఆటో స్టాండులో, "ముందు సాయిబే కొట్టేడు, కుర్రోడేటి సేత్తాడు?" అన్నారు. టైలర్లు చెంపదెబ్బ ఊసే ఎత్తలేదు. పెద్దాయన ఊరికే నిలబడి ఉంటే రౌడీ వచ్చి కొట్టాడన్నారు. రెండువైపులవాళ్లూ మా ఇంటికొచ్చి, నువ్వు చూశావు కదా, చెప్పు అన్నారు. ఏది చెప్పినా అన్నో మాస్టారో ఎవరో ఒకరు మునిగిపోతారు. మా అమ్మ నా గడ్డం పట్టుకుని, "ఒక్కగానొక్క అన్నే, జైలుకి ఎల్పోతాడే" అని ఏడ్చింది.

ఆసుపత్రికి ఎస్సై వచ్చినప్పుడు మేమూ, టైలర్లూ అక్కడే ఉన్నాం. ఎస్సై నావైపు తిరిగాడు. మంచం మీంచి మాస్టారే చెప్పారు. "ముందు కొట్టింది నేనేనండి. ఆడు కానిమాట అన్నాడు. నోటితో సెప్పాల్సింది నేను సేత్తో సెప్పేను. అది రాయండి. పడిపోయేక కొట్టింది ఆడు. అదీ రాయండి. ఒకటి రాసి రెండోది వదిలేత్తే నేను ఏలిముద్ర ఎయ్యను." టైలర్లు గొణిగారు. ఆయన వాళ్లవైపు చూడను కూడా లేదు. నేను ఎవరి పక్షమూ తీసుకోనక్కర్లేకుండా చేసింది ఆ పూట ఆయనే.

బెయిల్ మీద బయటికొచ్చాక అన్న వెళ్లి ఆయన కాళ్ల మీద పడ్డాడు. "లేవరా. నిన్ను నలుగురిలో కొట్టేను, నలుగురిలోనే అడుగుతున్నాను, క్షమించు" అన్నారు మాస్టారు. అమ్మ ఇదే అదననుకుని, "కేసు ఎత్తేయండి బాబూ, ఇద్దరిదీ తప్పే కదా" అంది. "ఇద్దరిదీనమ్మా. కానీ ఒక్కలాంటిది కాదు. నా దెబ్బ ఆడి చెంప మీద ఒక పూట ఉంది. ఆడి దెబ్బ నా ఎముకలో ఉంది. చెల్లుకు చెల్లు అనకు" అన్నారు. కేసు నడిచింది. అన్న వాయిదాలకి తిరిగి తిరిగి, చివరికి జరిమానాతో బయటపడ్డాడు. అన్నాళ్లూ నాకు మాస్టారి మీద కోపమే, అబద్ధమెందుకు!

పని మానేసి ఇంట్లో కూర్చున్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్తాను? ఒకరోజు ఆయనే వచ్చారు. కట్టు విప్పారు గానీ వేళ్లు ముడుచుకోవడం లేదు. "కొట్టింది మీ అన్న. నువ్వెందుకే పని మానేసేవు? రా" అన్నారు. వెళ్లాను. బల్ల మీద ఎవరిదో పట్టు రవికగుడ్డ పరిచి, ఎడమచేత్తో వంకరటింకరగా సుద్దగీత గీసి, కత్తెర నా ముందుకి తోశారు.

"కొయ్యి."

"పాడైపోద్దండి మాస్టారూ."

"పాడైతే ఇంకోటి కొందాం. నువ్వు కొయ్యకపోతే దుకాణమే పాడైపోద్ది."

కోశాను. చంక దగ్గర పాడుచేశాను కూడా. "తోబా తోబా! ఇది జాకెట్టా, గోనెసంచా?" అని ఎప్పటిలాగే అరిచారు. ఆ తిట్టు మళ్లీ విన్నందుకు ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

ఎవరికీ నేర్పని పనంతా నాకు నేర్పారు. ఇవాళ నా దుకాణంలో మరికొందరు ఆడపిల్లలకు నేను పని చూపిస్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. కానీ ఆ చెయ్యి బాగుండి ఉంటే కత్తెర నా చేతికి వచ్చేది కాదు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఎక్కడో గుచ్చుకుంటుంది. ఆయనకి దండం పెట్టుకోవడం తప్ప దీనికి వేరే మందు నాకు దొరకలేదు.

ఆయన పోయి కొన్నేళ్లయింది. ఒళ్లో కుడిచెయ్యి పెట్టుకుని కూర్చున్న ఆయన ఫొటో నా దుకాణం గోడకి ఉంది. పోయిన వేసవిలో అన్న కూతురు అది చూసి, "అత్తా, ఈ తాతకి సెయ్యి అలా ఉందేటి?" అని అడిగింది. యాక్సిడెంటని చెప్పి తప్పించబోయాను. అక్కడే కూర్చున్న అన్న తలెత్తాడు.

"యాక్సిడెంట్ కాదే. నేను కొట్టేను."

"ఎందుకు నాన్నా?"

"కానిమాట అన్నాను. ఆయన సెంప మీద కొట్టేరు."

పిల్ల వెంటనే తండ్రి పక్షం తీసుకుంది. "అయితే ముందు ఆయనే కదా కొట్టేరు!"

అన్న ఫొటోవైపు చూశాడు. "ముందు ఆయనే" అన్నాడు. "పడిపోయేక కొట్టింది నేను."