జోడు తప్పిన కమాన్ పట్టీలు

నాందేడ్‌లో దేగ్లూర్ నాకా దాటాక, లారీల కింద బరువు మోసే వంపు ఉక్కు స్ప్రింగులను, అంటే కమాన్ పట్టీలను, మార్చే రేకుల షెడ్డు ఒకటి ఉంది. దాని యజమాని సంగవ్వకు యాభై ఆరేళ్లు. బిలోలి దగ్గరి కమ్మరి ఇంటి నుంచి కోడలిగా వచ్చింది. కొలిమి వేడి పడక భర్త లారీ స్టీరింగ్ పట్టుకున్నాడు. మామ తన సుత్తి కోడలి చేతికిచ్చాడు. మరాఠీ డ్రైవర్లు ఆమెను ‘మావశీ’, అంటే పిన్నీ, అంటారు. విని విని తెలుగువాళ్లూ అదే అంటున్నారు.

ఆమె పనికి ఒక పద్ధతి ఉంది. సాగగొట్టిన పట్టీల జతను పక్కపక్కన పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు నూలు పోగు కడుతుంది. రెండింటి వంపూ ఒకేలా లేకపోతే మళ్లీ కొలిమిలోకే. ముప్పై ఏళ్లలో జోడు తప్పిన జత ఆ షెడ్డు దాటలేదు. మరిది భోజన్న సుత్తి దెబ్బలు ఎన్నిసార్లు వృథా అయినా ఈ లెక్క మారలేదు.

వానాకాలం వెళ్లగానే శివాని వచ్చింది. రైల్వే గుమాస్తా కూతురు. పాత పెట్రోలు జీపుతో డ్రాగ్ రేసులకు వెళుతుంది. నిలబడ్డ చోటు నుంచి పావు మైలు దూరం ఎవరు ముందు దాటితే వాళ్లదే గెలుపు. ఆమె జీపు మాత్రం క్లచ్ వదలగానే వెనుక చక్రాల మీద గంతులు వేస్తుంది. రెండు పోటీల్లో రెండు యాక్సిళ్లు బయల్దేరే గీత మీదే విరిగాయి. మూడోది నిజామాబాద్‌లో పాత ఇనుప సామానులో దొరికింది. ఆ మోడల్‌కు ఇంకొకటి ఎంత వెతికినా దొరకలేదు. ఇదీ విరిగితే జీపు రేసులకు పనికిరాదు. పోటీ పన్నెండు రోజుల్లో ఉంది.

“మావశీ, రెండు పట్టీలు ఎక్కువెయ్యి. బలం రావాలె.”

“ముందుగాల అది ఎట్ల లేస్తదో చూపియ్యి.”

“చూపిస్తే ఈ యాక్సిల్ కూడ పోతది.”

“మరి నాడి దాపెట్టుకొని మందడుగుతవా?”

మూతపడ్డ జిన్నింగ్ మిల్లు వెనుక రోడ్డు మీద శివాని సగం జోరుతో జీపును ఉరికించింది. సంగవ్వ జీపును చూడలేదు, నేలను చూసింది. టైరు గీత ఒకటిగా లేదు. కుట్టు వేసినట్టు ముక్కలుగా ఉంది. ముక్కల మధ్య ఎడాన్ని జానతో కొలిచింది. అంతటా ఒకటే.

“ఇది జారుతలేదు బిడ్డా, ఎగురుతున్నది. మొత్తం పట్టీ మందం చేస్తే జీపు వెనక్కి కూసోదు. బరువు చక్రం మీదికి రాదు.”

యాక్సిల్ తిరగబోయే బలానికి దాని ముందున్న సగం పట్టీ మెలి తిరిగి, వెనక్కి తన్నుతోందని ఆమె తేల్చింది. ఆ సగాన్ని క్లాంపులతో బిగించి, వెనుక సగాన్ని వదులుగా ఉంచింది. మూడు రోజుల పని. గంతులు ఆగాయి.

ఆగాయి కానీ రోడ్డు మీద ఒక్క గీతే పడింది. కుడి చక్రం ఒక్కటే వట్టిగా తిరిగింది. శివాని చదువుకున్న పిల్ల, సంగతి పట్టుకుంది. గేరుబాక్సు నుంచి వచ్చే కడ్డీ తిప్పుడుకు యాక్సిల్ కుడి కొస పైకి లేచి, ఆ చక్రం మీద బరువు తగ్గుతోంది.

“కుడి దిక్కు ముందట ఇంకో సగం పట్టీ వెయ్యాలె. ఎడమకు వద్దు మావశీ.”

భోజన్న సుత్తి కింద పెట్టాడు. “వదినె, జోడు తప్పిన పట్టీలు మన దుకాణం నుంచి పోతే లారీలోళ్లు నవ్వుతరు.”

సంగవ్వ నూలు ఉండ అందుకుంది. జీపుకు రెండు వైపులా బాడీ నుంచి యాక్సిల్‌కు బిగుతుగా నూలు పోగులు కట్టింది. “బ్రేకు తొక్కి క్లచ్ జరంత వదులు” అంది. ఇంజను గుర్రుమంది. కుడి పోగు వదులై వేలాడింది. ఎడమది తెగింది. తెగిన పోగును వేలికి చుట్టుకుంది.

“భోజన్నా, కొలిమి ఊదు.”

“నిజంగనేనా?”

“నవ్వేటోళ్లు ఇప్పుడేమన్న ఏడుస్తున్నరా?”

ఒకరు చెప్పారని ముప్పై ఏళ్ల పద్ధతిని ఆమె విడవలేదు. కళ్లతో చూశాక పట్టుకుని కూర్చోనూ లేదు. పెద్ద పనివాళ్లలోనూ ఈ రెండో గుణం అరుదు.

పోటీ ముద్ఖేడ్ దారిలో, రాకపోకలు లేని ఒక ప్రైవేటు రోడ్డు మీద జరిగింది. ఒక్కొక్కరికి రెండు పరుగులు. జీపు కుడివైపు అర అంగుళం ఎత్తుగా నిలబడింది. సంగవ్వ దగ్గరే పట్టీలు వేయించుకునే లారీ డ్రైవర్ బాబురావు చూడటానికి వచ్చాడు.

“మావశీ, చష్మా మర్చిపోయినవా? బండి వంకరగున్నది.”

“నీ లారీకి గూడ గట్లనే చేస్త, తోలుకొస్తవా?”

“వద్దు తల్లీ.”

పచ్చ దీపం వెలిగింది. జీపు వెనుకకు కూర్చుని, ఎగరకుండా, పక్కకు లాగకుండా బాణంలా కదిలింది. జనం అవతలి గీత వైపు చూశారు. సంగవ్వ రోడ్డు ఖాళీ కాగానే వెళ్లి, బయల్దేరిన చోట గొంతుక్కూర్చుంది. రెండు నల్ల గీతలు. జానతో కొలిస్తే రెండూ ఒకటే పొడవు.

శివాని జీపును మెల్లగా వెనక్కి తెచ్చి దిగింది.

“ఈ పరుగు వెంట్రుకవాసిలో ఓడిపోయిన మావశీ.”

“యాక్సిల్?”

“మంచిగున్నది.”

“ఇంకో పరుగున్నది గద?”

“ఉన్నది.”

“మరి దిగినవెందుకు? పో, ఎక్కు.”