ఎడమ తలుపు

చూపు తగ్గి కారు అమ్మక తప్పని పళ్ల డాక్టరుగారు, కొనడానికి వచ్చినవాళ్లకు ముందు దాని జబ్బులే చెప్పేవారు. బానెట్ మీద చెయ్యి వేసి, తల పక్కకు వాల్చి, రోగి తాలూకు బంధువులతో మాట్లాడినట్టు మెల్లగా చెప్పేవారు.

"ఖరీదైన బండే, కాదనను. చలికి ఓ పట్టాన స్టార్టవదు. ఏసీ దాని ఇష్టం. ఎడమ తలుపు బయటినుంచి రాదు, లోపలినుంచి వంగి తియ్యాలి."

ఆ తలుపు బాగుచేయిస్తానంటే భార్య ఒప్పుకునేది కాదు. ఆవిడ చేతిసంచితో దర్జాగా పక్కన నిలబడితే, ఈయన సీటు మీదుగా వంగి తీసేవారు. ఆవిడ పోయాక ఆ తలుపు తీసే పనే పడలేదు. "అదెంత పని, రేపే బాగుచేయిస్తా" అన్న ఇద్దరికి బండి అమ్మనని చెప్పి పంపేశారు.

ఆ ఆదివారం ఓ బట్టల కొట్టాయన భార్యతో వచ్చాడు. స్టీరింగు ముందు కూర్చుని, బయట హ్యాండిల్‌తో కుస్తీ పడుతున్న ఆమెను "గట్టిగా లాగవే!" అని కేకేశాడు.

"లాగితే రాదమ్మా," అన్నారు డాక్టరుగారు. "ఆయన్నే వంగమను."

అతను గొణుక్కుంటూ వంగి తలుపు తోశాడు.

"అబ్బో! పెళ్లయిన ఇన్నేళ్లకు నాకు తలుపు తీశారు," అని నవ్వుతూ కూర్చుందామె. "దీన్ని ఇలాగే ఉంచండి, ఏం?"

డాక్టరుగారు జేబులోంచి రెండో తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టారు.